ఒకే మైదానం, ఒకే పాట: ముగ్గురి మాట ఎందుకు కలవలేదు?

కిందటి చలికాలంలో విజయవాడలో జరిగిన ఒక సినీ సంగీత విభావరికి నేనూ, మా పిన్ని కొడుకూ, మా ఆఫీసులో నాతో పనిచేసే ఒక అమ్మాయీ వెళ్లాం. టికెట్లు ఎవరికి వారం వేర్వేరు రోజుల్లో కొనుక్కోవడం వల్ల ముగ్గురికీ మూడు చోట్లు దక్కాయి. తమ్ముడు వేదిక ముందు బారికేడ్‌ను ఆనుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి దూరంగా గ్యాలరీ మెట్ల మీద కూర్చుంది. నాకు మైదానం మధ్యలో, సౌండ్ ఇంజనీరు మిక్సర్ పెట్టుకున్న పందిరి పక్కన చోటు దొరికింది. కార్యక్రమం అయ్యాక బందరు రోడ్డు మీద ఒక టీ కొట్టు దగ్గర కలుసుకున్నాం. “సగం పాటల్లో గొంతు వినబడనే లేదన్నయ్యా, డ్రమ్ములూ బేసూ గుండెల మీద మోగాయి. అయినా ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదు” అన్నాడు తమ్ముడు. “నాకు ప్రతి మాటా వినబడిందండీ. కానీ ఇంట్లో రేడియో పెట్టుకున్నట్టు చప్పగా ఉంది. పైగా ఆయన పాడనే లేదు, ట్రాకు వేసి పెదవులు కదిపారు, తెర మీద స్పష్టంగా కనబడింది” అంది ఆ అమ్మాయి. నేను విన్నది ఈ రెండూ కాదు. గొంతూ వాద్యాలూ సమపాళ్లలో కలిసిన చక్కటి కచేరీ విన్నాను.

కచేరీకి వెళ్లి వచ్చినవాళ్లు అనుభవాలు చెప్పుకునే ప్రతిచోటా ఇదే పేచీ కనబడుతుంది. ఒకరు అద్భుతమంటారు, ఒకరు డబ్బు దండగంటారు, వినేవాళ్లు ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనో, ఎవరి అభిరుచి వారిదనో తేల్చేస్తారు. ఆ రాత్రి తరవాత ఈ విషయం గురించి దొరికినంత చదివి, మైకుసెట్టు పని చేసేవాళ్లను అడిగి తెలుసుకున్నాక నాకు కలిగిన అభిప్రాయం వేరు. మేం ముగ్గురం నిజమే చెప్పాం. మా దగ్గరకు చేరిన శబ్దమే మూడు రకాలుగా ఉంది. అభిరుచి అన్న మాట చివరన ఎక్కడో వస్తుంది. దానికి ముందు గాలి ఉంది, ఇనుప ఫ్రేములకు వేలాడే స్పీకర్లు ఉన్నాయి, పక్కన నిలబడ్డ మనుషుల శరీరాలు ఉన్నాయి, మన చెవి ఉంది, ఆ మర్నాటి జ్ఞాపకం ఉంది.

దూరంతో మొదలుపెడదాం. మన ప్రాంతపు వెచ్చని గాలిలో, అంటే 30 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర, శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 100 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి పాట దాదాపు 0.29 సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వినడానికి ఇది చిన్న అంకెలాగే ఉంటుంది గాని, నిమిషానికి 120 దెబ్బల వేగంతో సాగే హుషారైన పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేదే అర సెకను. కాబట్టి వెనక ఉన్నవారు తాము విన్న దెబ్బకు సరిగ్గా చప్పట్లు కొట్టినా, ఆ చప్పుడు తిరిగి వేదిక చేరేసరికి పాట ఒక దెబ్బ పైగా ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. పెద్ద మైదానాల్లో ప్రేక్షకుల చప్పట్లు తాళం తప్పినట్టు ఉండటానికి కారణం జనానికి తాళజ్ఞానం లేకపోవడం కాదు, దూరం. అదే 20 మీటర్ల లోతున్న సభామందిరంలో ఆలస్యం 0.06 సెకన్లే కనుక, చివరి వరసలో కూర్చుని తొడ మీద ఆది తాళం వేసుకునే రసికుడికి ఏ ఇబ్బందీ ఉండదు.

గ్యాలరీలో కూర్చున్న అమ్మాయి ఫిర్యాదులో సగానికి సమాధానం ఇక్కడే ఉంది. తెర మీది బొమ్మ వెలుగుగా వస్తుంది, వెలుగుకు ఆ దూరం ఒక లెక్క కాదు. పాట మాత్రం గాలిలో నడిచి వస్తుంది. అందుకే వెనకవారికి పెదవులు ముందు కదిలి, మాట తరవాత వినబడుతుంది. ఆమె చూసిన తేడా నిజమే, దాన్నిబట్టి ఆయన పాడలేదని తేల్చడానికి మాత్రం వీల్లేదు.

నిర్వాహకులు ఈ ఆలస్యాన్ని సరిదిద్దే ప్రయత్నం చేస్తారు. పెద్ద మైదానంలో వేదిక దగ్గరి స్పీకర్లే కాక, మధ్యలో ఇంకొన్ని టవర్లు నిలబెట్టి వాటికీ స్పీకర్లు కడతారు. వేదిక శబ్దమూ టవర్ శబ్దమూ వేర్వేరు సమయాల్లో చెవికి చేరితే ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. అందుకని టవర్‌కు వెళ్లే శబ్దాన్ని, వేదిక నుంచి గాలిలో వచ్చే శబ్దంతో కలిసేలా, కావాలనే ఆలస్యం చేసి పంపుతారు. ఇందులో ఒక చక్కటి కిటుకు ఉంది. ఒకే శబ్దం రెండు దిక్కుల నుంచి 30 మిల్లీసెకన్ల లోపు తేడాతో చేరితే మన మెదడు రెంటినీ కలిపేసి, ముందు చేరిన దిక్కు నుంచే వచ్చినట్టు భావిస్తుందని 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన పరిశోధనలో వివరించాడు. కాబట్టి టవర్ శబ్దాన్ని వేదిక శబ్దం కంటే మరో 10, 15 మిల్లీసెకన్లు వెనకబెడితే, పక్కనే ఉన్న టవర్ గట్టిగా మోగుతున్నా పాట వేదిక మీది మనిషి నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. ఈ లెక్క ఒక చోటికి సరిపోతే మరో చోట తప్పుతుంది. రెండు టవర్ల మధ్య ఇరుకున పడినవారికి ప్రతిధ్వని తప్పదు.

ఇక బేసు సంగతికి రావాలి, ఎందుకంటే అనుభవాల్లో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది అదే. శబ్దం ఒకే రకంగా పాకదు. సెకనుకు 50 కంపనాలుండే బేసు స్వరానికి ఒక్కో అల పొడవు దాదాపు 7 మీటర్లు. మాటల్లో స, ష, త, చ వంటి హల్లులు తెలియడానికి అవసరమైన 3,000 కంపనాల శబ్దానికి అల పొడవు 12 సెంటీమీటర్లయినా ఉండదు. ఏడు మీటర్ల అలకు మనుషుల గుంపు అడ్డమే కాదు, చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. పన్నెండు సెంటీమీటర్ల అలను ముందు నిలబడ్డవారి తల, భుజాలు, పైకెత్తిన చేతులు ఆపేస్తాయి, బట్టలు పీల్చేస్తాయి. మైదానం బయట, పక్క వీధుల్లో ఉండేవారికి పాట వినబడకుండా దడదడ మాత్రమే వినబడటానికి కారణం ఇదే. పాపం వారికి సంగీతంలో మిగిలేది ఆ అదురే.

అందుకే గొంతును మోసే స్పీకర్లను ఎత్తున, నిలువు వరసగా ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తారు. అలా వరసగా కట్టిన స్పీకర్ల శబ్దం కొంత దూరం వరకు, దూరం రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలమానం) మాత్రమే తగ్గుతుంది. విడి స్పీకర్ అయితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బేసు పెట్టెలు బరువు కనుక సాధారణంగా వేదిక ముందు నేల మీదే ఉంటాయి, వాటి శబ్దం త్వరగా పలచబడుతుంది. ఇప్పుడు మా ముగ్గురి చోట్లు మళ్లీ చూస్తే చిక్కు విడిపోతుంది. తమ్ముడి ఎదుట అయిదారు అడుగుల్లో బేసు పెట్టెలున్నాయి. గొంతును మోసే స్పీకర్లు అతని తల మీదుగా వెనకవారికి గురిపెట్టి ఉన్నాయి. ముందు వరసల కోసం వేదిక అంచున చిన్న స్పీకర్లు ప్రత్యేకంగా పెట్టాలి. ఆ రోజు అవి లేవో, చాలలేదో, అతనికి గొంతు అందలేదు. ఎక్కువ ధర టికెట్ కొన్నవారికే శబ్దం అధ్వానంగా ఉండటం అన్యాయమే, ఇది నిర్వాహకులు సరిదిద్దవలసిన లోపమే.

గ్యాలరీలోని అమ్మాయికి దీనికి పూర్తిగా తలకిందులు. గొంతు స్పీకర్లు ఆమెకే గురిపెట్టి ఉన్నాయి, బేసు దారిలోనే నీరసించింది. దానికి తోడు మన చెవి స్వభావం ఒకటుంది. శబ్దం మొత్తంగా తగ్గినప్పుడు మన చెవి బేసును మరీ తక్కువగా గ్రహిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లో ఈ సంగతిని కొలిచి ప్రచురించారు. ఇంట్లో పాట సౌండు తగ్గిస్తే పలచబడినట్టు అనిపించేది అందుకే. ఆమె చెప్పిన “చప్పగా” అన్న మాటలో ఇంత భౌతికశాస్త్రం ఉంది.

ఇక నా సంగతి. మిక్సర్ దగ్గర కూర్చున్న ఇంజనీరు తన చెవికి బాగుండేలా గొంతునూ వాద్యాలనూ కలుపుతాడు. అతని పక్కన నిలబడినవారికి అతను విన్నదే వినబడుతుంది. నేను విన్న చక్కటి కచేరీ నా రసజ్ఞత వల్ల వచ్చింది కాదు. అయితే అక్కడ కూడా ఒక చిక్కు ఉంటుంది. ఎడమ, కుడి బేసు పెట్టెల శబ్దాలు నడిమధ్యలో కలిసి బలపడతాయి, పక్కకు జరిగేకొద్దీ ఒకటి ముందు, ఒకటి వెనక చేరుతాయి. ఆ తేడా మూడున్నర మీటర్లకు వచ్చినచోట 50 కంపనాల స్వరం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. కొన్ని అడుగులు పక్కకు నడిస్తే బేసు మాయమై, మరికొన్ని అడుగులకు తిరిగి రావడం ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు.

ఇదంతా మైదానపు కథ. మన విజయవాడ, గుంటూరు ఊళ్లలో జనం సంగీతం ఎక్కువ కాలం విన్నది మైదానాల్లో కాదు, మందిరాల్లో. విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం, ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, గుంటూరులో వేంకటేశ్వర విజ్ఞాన మందిరం తరతరాల శ్రోతలకు చెవి అలవాటు చేశాయి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడైన మంగళంపల్లి మురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేస్తే, హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ మెచ్చుకుని పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. ఆ బాలమురళీకృష్ణే తరవాత ఇక్కడి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు, 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి భక్తిరంజని కార్యక్రమంతో ఇంటింటికీ చేరారు. ఆ తరం శ్రోతలకు కచేరీ అంటే గమకంలోని, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరులోని, ప్రతి మలుపూ విడివిడిగా తెలియడం. స్టేడియంలో సినిమా పాట వినడానికి వెళ్లే తరానికి కచేరీ అంటే వేలమందితో కలిసి పాడటం. 2025 ఫిబ్రవరి 15న తలసీమియా బాధితుల సహాయార్థం ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో తమన్ చేసిన విభావరి వంటివాటికి వెళ్లేవారు కోరుకునేది ఆ రెండోదే. ఒకరి కొలమానంతో మరొకరి అనుభవాన్ని కొలవడం వల్ల సగం వాదనలు పుడతాయి.

మందిరంలో శబ్దం గోడలకు, కప్పుకు తగిలి తిరిగి వస్తుంది. పాట ఆగాక ఆ గదిలో అది 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలాన్ని అనురణన కాలం అంటారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాటలు అర్థంకాని ఒక ఉపన్యాసశాలను బాగుచేయమని 1895లో వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగిస్తే, ఆయన రాత్రివేళల్లో పక్క నాటకశాల నుంచి మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలకు ఎంత తగ్గుతుందో కొలిచి ఈ శాస్త్రానికి పునాది వేశాడు. గది పెద్దదైతే ఈ కాలం పెరుగుతుంది, మెత్తటి వస్తువులూ మనుషులూ పెరిగితే తగ్గుతుంది. పాశ్చాత్య వాద్యబృందాలకు సుమారు 2 సెకన్లు బాగుంటుంది, మాటకు 1 సెకను దగ్గరగా ఉండాలి. మన కచేరీలో మృదంగం జతులూ (లయ పలుకులూ), సరిగమలతో వేగంగా సాగే స్వరకల్పనా మాటల్లాగే విడివిడిగా వినబడాలి కనుక, మనకు కావలసింది మాటకు దగ్గరి కొలత. గ్రానైట్ నేల, గాజు తలుపులు, ఎత్తైన కాంక్రీటు కప్పు ఉన్న కల్యాణ మండపంలో కచేరీ పెడితే తని ఆవర్తనం (లయవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) ఒకే మోతగా కలిసిపోయేది ఇందువల్లే. అలాంటి చోట సౌండు పెంచితే మోత పెరుగుతుంది తప్ప స్పష్టత పెరగదు. ముందు నాలుగు వరసల్లో కూర్చున్నవారికి నేరుగా వచ్చే శబ్దం ఎక్కువ, వెనకవారికి గోడల నుంచి తిరిగి వచ్చేది ఎక్కువ. ఇద్దరి అభిప్రాయాలూ కలవవు.

ఇంకొకటి. సాయంత్రం సౌండ్ చెక్ చేసేటప్పుడు కుర్చీలు ఖాళీ. రాత్రి నిండిన సభలో వందల శరీరాలు శబ్దాన్ని పీలుస్తాయి. ఇంజనీరు మొదటి రెండు, మూడు పాటల్లో మళ్లీ సరిచూసుకోక తప్పదు. మొదటి పాటకే పెదవి విరిచి బయటికి నడిచినవారు విన్నది ఒక కచేరీ, చివరిదాకా ఉన్నవారు విన్నది మరొకటి.

నదీతీరానిది వేరే విచిత్రం. భవానీపురం దగ్గర పున్నమి ఘాట్‌లో పాట పెడితే, రాత్రివేళ ఆవలి ఒడ్డున ఉండవల్లి వైపువారికి అది అనుకోనంత స్పష్టంగా అందవచ్చు. పగలు నేల వేడెక్కి, పై గాలి చల్లగా ఉంటే శబ్దం పైకి వంగి పోతుంది. పొద్దుగుంకాక నీటి మీది గాలి చల్లబడి, పై గాలి వెచ్చగా ఉంటే అదే శబ్దం కిందికి వంగి, నీటి మీద జారుతున్నట్టు దూరం పోతుంది. ప్రకాశం బ్యారేజీ పొడవే సుమారు 1.2 కిలోమీటర్లు. అంత వెడల్పు నీరు దాటడానికి శబ్దానికి మూడున్నర సెకన్లు చాలు.

“లైవా, ట్రాకా” అన్న ప్రశ్న దగ్గర అభిమానులు నొచ్చుకుంటారు, కాబట్టి దీన్ని కొంచెం ఓపికగా చూడాలి. నేటి సినిమా పాటలో పదుల కొద్దీ పొరలుంటాయి. వాటన్నిటినీ వేదిక మీద వాయించడానికి వాద్యకారులు చాలరు. కోరస్, కొన్ని తంత్రీవాద్యాలు, కంప్యూటర్‌లో తయారైన శబ్దాలు ముందే రికార్డు చేసి, వాద్యకారుల చెవుల్లో టిక్కుటిక్కుమనే తాళంతో జతచేసి నడుపుతారు. గాయకుడు దాని మీద నిజంగానే పాడతాడు. కొందరు ఎగిరి దూకే చోట రికార్డు చేసిన గొంతును కూడా సన్నగా కలుపుతారు. పూర్తిగా పెదవులు కదపడం వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి “ట్రాకు” అనడం న్యాయం కాదు. గొంతు నిజంగా పాడుతున్నదా అని తెలుసుకోవడానికి తెర కంటే చెవి మేలు: శ్వాస వినబడుతుందా, మైకు నోటికి దూరమైతే గొంతు తగ్గుతుందా, రికార్డులో లేని మలుపు ఏదైనా వేశాడా అన్నవి గమనించాలి. గాయకుడి చెవిలోని ఇయర్‌ఫోన్‌ను చూసి అనుమానించేవారూ ఉన్నారు. అది వెనక నుంచి ప్రతిధ్వనించే శబ్దంలో శ్రుతి తప్పకుండా తన గొంతు తాను వినడానికి పెట్టుకున్నది. గుంటూరు, తెనాలి పద్యనాటకాల నటులు హార్మోనియం పక్కన పెట్టుకుని చివరి వరస దాకా గొంతు వినిపించిన రోజుల్లో ఆ అవసరం లేదు. పద్యం అయిన వెంటనే “వన్స్ మోర్” కేక వినబడే దూరంలోనే జనం ఉండేవారు.

ధ్వని తీవ్రత గురించి అభిమానులు గర్వంగా చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. “చెవులు రెండు రోజులు గుయ్యిమన్నాయి” అన్నది కచేరీ గొప్పతనానికి కొలత కాదు, లోపలి చెవికి తగిలిన దెబ్బకు గుర్తు. పుట్టుకతో ఒక్కో చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు సుమారు 16,000 ఉంటాయి, చచ్చిపోయినవి తిరిగి పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికలకు ప్రకటించిన ప్రమాణం ప్రకారం 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు. బారికేడ్ దగ్గర బేసు పెట్టెల ముందు రెండు గంటలు నిలబడే కుర్రవాళ్లు ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటే పాట చెడదు, పైగా మోత తగ్గి గొంతు తేటగా తెలుస్తుంది.

చట్టమూ అనుభవాన్ని మారుస్తుంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వాడకూడదు. సాంస్కృతిక, మత ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఆరున్నరకు అని చెప్పిన కార్యక్రమం ఎనిమిదికి మొదలైతే చివర్లో పాటలు రాలిపోయేది అందుకే.

మర్నాటి సంగతి చివరగా. మనం అనుభవాన్ని సగటు తీసి గుర్తుంచుకోం. అత్యంత తీవ్రమైన ఘట్టమూ ముగింపూ జ్ఞాపకాన్ని శాసిస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమాన్, ఆయన సహచరులు 1990లలో చేసిన ప్రయోగాల్లో చూపారు. గేటు దగ్గర గంటసేపు తొక్కిసలాటలో నలిగినవారికి అంతకుముందు విన్న పాటలు కూడా చేదుగా గుర్తుంటాయి. ఆఖరి పాటకు గాయకుడు వేదిక దిగి తమవైపు చేయి ఊపితే, అంతకుముందు గొంతు వినబడని సంగతి వెనక్కి పోతుంది. తమ్ముడి ఆనందం అలాంటిదే. అతని ఫోన్‌లో తీసిన వీడియో మాత్రం అతని పక్షాన సాక్ష్యం చెప్పలేదు. ఫోన్ మైకు మాటల కోసం తయారైనది, అంత మోతను అది అణచివేసి, బేసును గరగరమనేలా చెడగొట్టి రికార్డు చేస్తుంది. ఆ వీడియో విని కచేరీ బాగాలేదని తీర్పు చెప్పేవారు కచేరీని వినలేదు, ఫోన్‌ను విన్నారు.

అందుకే ఎవరైనా కచేరీ ఎలా ఉందని అడిగితే ఇప్పుడు ముందుగా నేను ఎక్కడ కూర్చున్నానో చెబుతున్నాను. వేదికకు ఎంత దూరం, మధ్యనా పక్కనా, టవర్ దగ్గరా, ఎన్నో పాట నుంచి ఉన్నాను, బయటికి రావడానికి ఎంతసేపు పట్టింది అన్నవి చెప్పాకే సంగీతం గురించి మాట్లాడుతున్నాను. గాయకుడి తప్పు, ఇంజనీరు తప్పు, నిర్వాహకుల తప్పు అప్పుడు విడివిడిగా తేలతాయి. ఆ మధ్య ఒక శాస్త్రీయ సంగీత సభకు మేం ముగ్గురం మళ్లీ కలిసి వెళ్లినప్పుడు వర్ణానికి ఒక వరస, కృతికి ఒక వరస చొప్పున చోట్లు మార్చుకుంటూ విన్నాం. తని ఆవర్తనం వచ్చేసరికి తమ్ముడు చివరి వరసలో ఉన్నాడు. ఘటం, మృదంగం ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలైందో తనకు తెలియలేదని అతను చెబితే, మూడో వరసలో కూర్చున్న ఆ అమ్మాయి ప్రతి జతినీ చేత్తో బల్ల మీద వేసి చూపించింది. ఈసారి ఎవరూ ఎవరినీ అనుమానించలేదు.